మూడు దెబ్బలు

ఆసుపత్రి మంచమ్మీద కళ్ళు తెరిచిన పానా మేస్త్రి మొట్టమొదట అడిగింది, "తలుపు తియ్యలేదేం?" అని. బయటికి వినబడింది మాత్రం "తలుపు తియ్య..." వరకే. మిగతా ముక్క కాలిన గొంతులో ఇరుక్కుని గరగరమంది. పక్కన కుర్చీలో కూర్చున్న ఐసు ఫ్యాక్టరీ మేనేజరు ఆ గరగరను దోసిలి పట్టి అందుకున్నాడు.

"తియ్యొద్దు అంటున్నాడు! తలుపు తియ్యొద్దు అంటున్నాడు!" అని వార్డంతా వినేలా లేచి నిలబడ్డాడు. "స్పృహ వచ్చీ రాగానే అదే మాట! ఆ రోజు లోపల్నించి అరిచిందీ ఇదే. నేను పోతే పోయాను, హాల్లో ఉన్న మీరు ఆరుగురూ బతకండి, తలుపు మాత్రం తియ్యొద్దు అని!"

నర్సు చేతిలో మందుసీసా గాల్లో ఆగిపోయింది. అవతలి మంచాలవాళ్ళు మోచేతుల మీద లేచి చూశారు. మేస్త్రి కాదు కాదని తల అడ్డంగా ఊపాడు.

"చూశారా, పొగిడితే వద్దంటున్నాడు. ఎంత వినయం!" అన్నాడు మేనేజరు.

పానా మేస్త్రికి వినయముందని ఒక మనిషి నోట రావడం అదే మొదలు. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ ఆయన భార్య అంత దుఃఖంలోనూ, ఎవర్ని గురించి చెబుతున్నారా అని వెనక్కి తిరిగి చూసింది.

చేతిలోంచి పానా వదలడు కాబట్టి పానా మేస్త్రి. బోల్టులు బిగించడానికి అదే, వీపు గోక్కోవడానికి అదే, ఎదుటివాడి తెలివితక్కువతనాన్ని వేలెత్తి చూపాల్సిన చోట ఎత్తి చూపడానికీ అదే. 'ప్రాణంలోంచి రవ్వంత ఊడదీస్తే మిగిలేది పానాయే' అని ఆయనకో పాత జోకు. అది విని నవ్వని వాణ్ణి మళ్ళీ చెప్పి నవ్వించేవాడు. అప్పటికీ నవ్వకపోతే వాడి తాలూకు మిషను వారం రోజులు బాగుపడేది కాదు. ఇప్పుడా జోకు వెయ్యడానికి గొంతు లేదు. కుడికన్ను ముందు ఎవరో ఐసుముక్క పట్టుకున్నట్టు అన్నీ మసగ్గా కదులుతున్నాయి.

ఏం అరిచానంటాడు వీడు, అనుకున్నాడు మేస్త్రి. కంప్రెసర్ గదిలోనా? అరవడమా?

ఆ గదిలో పుట్టిన ఏ మాటా ఆ గది దాటి బతికింది లేదు. మిషను తిరుగుతుంటే పళ్ళు కూడా వణుకుతాయి. చెవుల్లో దూది కుక్కుకుని పనిచేసేవాళ్ళకి నోరు అన్నం తినడానికే. చెప్పవలసిందంతా పైపు మీద పానాతో చెబుతారు. ఒక దెబ్బ కొడితే నడుపు. రెండు కొడితే ఆపు. మూడు కొడితే తలుపు తియ్యి, నేను లోపలున్నాను. ఈ మూడోది ఎందుకొచ్చిందంటే, ఆ గదికి రెండు తలుపులున్నా మేస్త్రికి ఒక్కటీ లేదు కాబట్టి. ముందు తలుపు ఐసు దిమ్మలు దించే హాల్లోకి. పట్టాల మీద పక్కకి జరిగే ఇనప తలుపు, బయట లీవరు లాగితేనే కదులుతుంది. లోపలి పిడి ఎప్పుడో విరిగింది. వేయించమంటే, "లోపల ఉండేది నువ్వొక్కడివేగా" అన్నాడు మేనేజరు. వెనక తలుపు పెరట్లోకి. దానికి లోపలివైపు అడ్డంగా ఉప్పు బస్తాలు పేర్పించింది కూడా ఆయనే. స్టోరు కప్పు కారుతోందట. ఉప్పు తడిస్తే నీరైపోతుంది, మనిషి తడిస్తే ఆరబెట్టుకోవచ్చని ఆయన లెక్క.

పైపు అతుకులో గాస్కెట్టు పగిలి అమ్మోనియా గ్యాసు తన్నుకొచ్చిన రోజున మేస్త్రి లోపలే ఉన్నాడు. మిషను అప్పుడే మొదలైంది, ముందు తలుపు ఇంకా లాగలేదు. వాల్వు కట్టేశాడు, కట్టేలోపు గదంతా నిండిపోయింది. వెనక్కి తిరిగేసరికి తలుపు మూసేసి ఉంది. మూడు కొట్టాడు. ఆగి మూడు కొట్టాడు. చొక్కా తడిపి మొహానికి చుట్టుకుని, నీళ్ళ తొట్టిలో మెడదాకా దిగి, తలమీదుగా పోయే పైపుని మూడేసి కొడుతూనే ఉన్నాడు. ముసుగులు వేసుకున్న ఫైరువాళ్ళొచ్చి బయటికి లాగినప్పుడు కూడా చెయ్యి గాల్లో కొడుతూనే ఉందని వాళ్ళలో ఒకడు తర్వాత చెప్పాడు.

ఇదీ ఆయన అరుపు.

మర్నాటి నుంచి మేనేజరు పరామర్శకి వచ్చినప్పుడల్లా ఒకరిద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు, కథ కూడా ఒళ్ళు చేస్తూ వచ్చింది. మొదటిరోజు మేస్త్రి తియ్యొద్దన్నాడు. రెండోరోజు మూసెయ్యమన్నాడు. మూడోరోజు ఏకంగా తనే లోపల్నించి తలుపు లాక్కున్నాడు. ఆ రోజు వచ్చింది పత్రిక రిపోర్టరు.

"తలుపు కన్నంలోంచి చివరిసారి మావైపు చూసి నవ్వాడండీ" అన్నాడు మేనేజరు గొంతు బొంగురుచేసి.

ఆ తలుపుకి కన్నమే లేదు. మేస్త్రి పానా కోసం దిండుకింద తడుముకున్నాడు. ఆసుపత్రివాళ్ళు తీసి దాచారు; తెలివైనవాళ్ళు.

పక్క మంచమ్మీద కాలు పైకి కట్టించుకుని ఒక లారీ డ్రైవరు పడుకున్నాడు. మూడురోజులుగా ఈ కథ వింటున్నాడు. మేస్త్రి నవ్వడం గురించి విన్నాక ఆపుకోలేక, "ఏం సార్, నవ్వుతూ దగ్గాడా, దగ్గుతూ నవ్వాడా?" అన్నాడు.

మేనేజరు అటు తిరిగాడు. తెలియనివాళ్ళకి తెలియజెప్పడం ఆయనకి ఇష్టమైన వ్యాయామం. "నీ భాషలోనే చెబుతా విను. నువ్వు లారీ తోలుతున్నావు. బ్రేకులు ఫెయిల్. ఇటు తిప్పితే అయిదుగురు చస్తారు, అటు తిప్పితే ఒక్కడు. ఎటు తిప్పుతావు?"

"మీరెప్పుడైనా లారీ తోలారా సార్?"

"ఉదాహరణకి చెబుతున్నానయ్యా."

"ఉదాహరణకి బ్రేకులు ఫెయిలవ్వవు సార్, లారీకే ఫెయిలవుతాయి. అప్పుడు చేతిలో స్టీరింగుంటుంది గానీ లెక్కలుండవు. లెక్కలన్నీ తర్వాత గట్టుమీద నిలబడ్డవాళ్ళు వేస్తారు." కట్టు మీద చెయ్యి వేసుకున్నాడు. "నాకు తెలిసిందల్లా ఒక్కటే. బ్రేకులు అరిగిపోయాయని ఓనరుకి నెలరోజులుగా చెబుతున్నాను. ఆ ముక్క మీ లెక్కలో ఎక్కడేస్తారు?"

"అది వేరే విషయం."

"పోనీ, అటుపక్కనున్న ఆ ఒక్కడూ మీరే అయితే?"

మేనేజరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనా? నేనక్కడెందుకుంటాను? నేను మేనేజర్ని కదా!"

మేస్త్రికి నవ్వొచ్చింది. నవ్వు గొంతులోకి రాగానే దగ్గైంది, దగ్గు మంటైంది. నర్సు పరుగెత్తుకొచ్చింది. దగ్గుల మధ్య మేస్త్రి ఏదో అన్నాడు. రిపోర్టరు వంగి చెవి పెట్టాడు.

"త్యాగం... అంటున్నారాండీ?"

"తాగడం" అన్నాడు మేస్త్రి బొంగురుగా. "గ్యాసు. తాగడం."

"త్యాగం అంటున్నాడు, రాసుకోండి" అన్నాడు మేనేజరు.

పేపర్లో అలాగే పడింది. ఆరుగురి కోసం ఒక్కడు. కింద మేస్త్రి బొమ్మ. పైన, దానికి రెట్టింపు, మేనేజరు బొమ్మ.

ఇంటికొచ్చాక మేస్త్రికి పని లేదు. డాక్టరు మాట్లాడొద్దన్నాడు, అది ఆయన భార్యకి ఇరవై ఏళ్ళ తర్వాత దొరికిన సెలవు. కానీ ఆమె ఆ సెలవుని అనుభవించలేదు. కుట్టుమిషను ముందు కూర్చుని, ఒకే జాకెట్టు చేతిని కుట్టి, విప్పి, మళ్ళీ కుడుతోంది.

రోజూ సాయంత్రం ఆమె తమ్ముడు వస్తున్నాడు. ఫ్యాక్టరీలో క్రేను నడిపేది అతనే. కంప్రెసర్ గది తలుపు లీవరూ అతని చేతికిందే. వచ్చి, "ఎలా ఉంది బావా?" అని గోడనడిగి, ఏదో ఒక పని వెతుక్కునేవాడు. మొదటిరోజు కారే కొళాయి బిగించాడు. తర్వాత కిటికీ గొళ్ళెం సరిచేశాడు. ఇవాళ చిన్న నూనెడబ్బా తెచ్చుకుని ఇంట్లో తలుపులన్నిటి మడతబందులకీ నూనె వెయ్యడం మొదలుపెట్టాడు. చుక్క వేసి, తలుపు తీసి, మూసి, తీసి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. వీధి తలుపు, వంటింటి తలుపు, ఆఖరికి బీరువా తలుపు.

మేస్త్రి పడకకుర్చీలోంచి చూస్తున్నాడు. బావమరిదిని ఆటపట్టించడం ఆయన హక్కు. ఆ హక్కుని ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా మురగబెట్టలేదు. పెళ్ళిలో తన చెప్పులు దాచిన కుర్రాడు వీడు. ఆ చెప్పులకింకా వడ్డీ వసూలు చేస్తూనే ఉన్నాడు.

"ఒరేయ్" అన్నాడు గరగరగా. "అన్నీ బాగా తెరుచుకుంటున్నాయా?"

"తెరుచుకుంటున్నాయి బావా."

"మంచిది. తియ్యడం వచ్చన్నమాట నీకు."

నూనెడబ్బా కిందపడింది. అతను దాన్ని తియ్యలేదు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వీధిలోకి వెళ్ళిపోయాడు. నూనె నేలమీద నెమ్మదిగా పాకుతూ గడప దాకా వచ్చింది.

భార్య కుట్టుమిషను ఆపింది. గుడ్డముక్క తెచ్చి నూనె తుడుస్తూ, తల ఎత్తకుండానే అంది. "వాడు అన్నం తిని ఎన్నాళ్ళయిందో తెలుసా మీకు?"

"నేను మాత్రం విందులు చేస్తున్నానా? గంజి తాగుతున్నాను, అదీ గరాటుతో పోసినట్టు."

"మూసెయ్యమని మీరే అన్నారని అందరూ అంటున్నారు కదండీ. అలాగే ఉండనివ్వండి. మీరు అవునంటే వాడు బతుకుతాడు. లేకపోతే బావని లోపలపెట్టి తలుపేసినవాడిగా మిగిలిపోతాడు. నా తమ్ముడండీ వాడు."

"మూశాడని నేనెప్పుడు తప్పుపట్టానే? గ్యాసొస్తుంటే మూస్తారు. బయట నేనుంటే నేనూ మూసేవాణ్ణేమో. ఆరుగురున్నారక్కడ, ఆడవాళ్ళున్నారు." ఆయాసం వచ్చి ఆగాడు. "మూసి, నేనే మూశానని చెప్పుకుని ఏడ్చేవాణ్ణి. అంతేగానీ లోపలివాడి నోట్లో చెయ్యిపెట్టి, నువ్వే మూయమన్నావని అనిపించను. నన్ను ఇచ్చుకుంటే నేనిచ్చుకోవాలి. వాళ్ళు తీసుకుని, నేనిచ్చానని పేపర్లో వేయించుకుంటారేం? జేబు కొట్టినవాడే దానమిచ్చావని నా వీపు తట్టినట్టుంది."

"అయితే ఏం చేస్తారు?"

"వచ్చేవారం నుంచి మళ్ళీ ఆ గదిలోకే కదా వెళ్ళాలి. పిడి వేయించమంటాను. బస్తాలు తీయించమంటాను. ఆ రెండూ చేస్తే వాళ్ళ కథ వాళ్ళు చెప్పుకోనీ. నేను త్యాగరాజునే, పాడటమొక్కటే రాదు."

భార్య ఆయన మొహంలోకి చూసింది. బేరం ఆమెకి నచ్చింది. నూనెగుడ్డ మూలకి విసిరి, గంజి కలపడానికి లేచింది.

యజమాని గదిలో గోడలనిండా షీల్డులే. ఎవరెవరో ఎందుకెందుకో ఇచ్చినవి. కొన్ని ఎవరూ ఇవ్వకపోతే ఆయనే చేయించుకున్నవి. మేస్త్రిని కూర్చోమన్నాడు. ఇన్నేళ్ళలో ఆ కుర్చీ మీద మేస్త్రి కూర్చోవడం మొదటిసారి. అది కూడా కుర్చీ కాలు బాగుచెయ్యడానికి కాకుండా.

"నీకు సభ చేస్తున్నాం" అన్నాడు యజమాని. "పెద్ద షీల్డు ఇస్తున్నాం."

"ఆ రోజు సీలు చేశారు, ఇవాళ షీల్డు చేస్తున్నారు" అన్నాడు మేస్త్రి. గొంతు బాగోలేక యజమానికి అది కృతజ్ఞతలా వినబడింది.

"మరి నీ కోరికేమైనా ఉంటే చెప్పు."

"ఆ వెనక తలుపు ముందు బస్తాలు తీయించండి. ముందు తలుపుకి లోపల పిడి వేయించండి. పిడి నేనే చేసుకుంటాను, ఇనప ముక్కిస్తే చాలు."

యజమాని మేనేజరు వైపు చూశాడు. మేనేజరు పైకప్పు వైపు చూశాడు. "సార్, ఇప్పుడు హడావిడిగా పిడి వేయిస్తే, అంతకుముందు లేదని మనమే చాటుకున్నట్టవుతుంది. బస్తాలూ అంతే. పేపర్లో అంత గొప్పగా వచ్చాక..."

"అవునవును" అన్నాడు యజమాని. "అదీకాక, ఇంత గొప్ప ఆదర్శం ఉండగా పిడెందుకు? నీ స్ఫూర్తి చాలదూ? తలుపు మీద బోర్డు రాయిస్తున్నాం. ప్రమాదం వస్తే ముందు తలుపు మూయండి, ఇది ఫలానా వీరుడు నేర్పిన పాఠం అని. ఎర్ర అక్షరాలు."

మేస్త్రి ఆ షీల్డుల కేసి చూశాడు. ఇక మీదట లోపల ఎవడుంటే వాడు. తన పేరు చెప్పి వేస్తారు వాడిమీద తలుపు. లోపల్నించి వాడు మూడు కొడితే, బోర్డు చదువుకోమంటారు.

"మంచి ఆలోచన సార్" అన్నాడు చివరికి. "ఒక్కటే మనవి. సభ పెరట్లో వద్దు. ఆ గదిలోనే పెట్టండి. మిషను నడుస్తూండగా."

"భలే! త్యాగం చేసిన చోటే!" అని మేనేజరు కుర్చీలోంచి సగం లేచాడు. "ఫోటో అద్భుతంగా వస్తుంది సార్!"

సభరోజున కంప్రెసర్ గది కడిగారు. పైపుల మీద పేరుకున్న మంచుని ఎవరో శుభ్రంగా గీకేశారు, మురికనుకుని. యజమాని, మేనేజరు, రిపోర్టరు, ఫోటోగ్రాఫరు, టై కట్టుకొచ్చిన నలుగురు అతిథులు, మేస్త్రి, ఆయన భార్య. వెనకగోడకి ఉప్పు బస్తాలు కదలకుండా ఉన్నాయి; వాటి మీద రంగుగుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టారు. పనివాళ్ళంతా బయట హాల్లో నిలబడ్డారు. లీవరు దగ్గర బావమరిది.

మిషను మొదలయ్యాక తలుపు తెరిచి ఉంచితే హాల్లోవాళ్ళ చెవులు పోతాయి. అందుకని రోజూ చేసినట్టే బావమరిది తలుపు లాగాడు. ఇనుము ఇనుముకి తగిలి గదంతా ఒక్కసారి దద్దరిల్లింది.

యజమాని మైకు లేకుండా ప్రసంగం ప్రారంభించాడు. ప్రారంభించాడనడానికి సాక్ష్యం ఆయన నోరు తెరుచుకోవడమే. గాజుతొట్టిలో చేపలా తెరిచాడు, మూశాడు, చెయ్యి ఎత్తాడు, గుండె మీద వేసుకున్నాడు. అతిథులు ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకుని, ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా కొట్టారు. చప్పట్లు కూడా వినబడలేదు. తర్వాత మేనేజరు. ఆయన మరీ గట్టిగా అరుస్తున్నాడని మెడమీద నరం చెబుతోంది. 'తలుపు తియ్యొద్దు' ఘట్టంలో రెండు చేతులూ చాచాడు. రిపోర్టరు పెన్ను పట్టుకుని, చెవికి చెయ్యి అడ్డంపెట్టి, "ఏమిటండీ?" అన్నట్టు కనుబొమలెగరేశాడు. మేనేజరు మళ్ళీ అరిచాడు. రిపోర్టరు మళ్ళీ ఎగరేశాడు. ఆ కనుబొమలు పైన ఉన్నవి ఉన్నట్టే ఆగిపోయాయి. అతను మేనేజరు నోటి వంక చూశాడు. మిషను వంక చూశాడు. తలుపు వంక చూశాడు. పెన్ను మూత పెట్టేశాడు.

వేడికి యజమాని చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇక చాలన్నట్టు సైగచేసి తలుపు దగ్గరికి నడిచాడు. పిడి కోసం వెతికాడు. పిడి ఉండాల్సిన చోట విరిగిన మొండి ముక్క, దాని చుట్టూ తుప్పు. అరచేత్తో చరిచాడు. పిడికిలితో గుద్దాడు. నోరు పెద్దగా తెరిచి అరిచాడు. మేనేజరు వచ్చి పక్కన నిలబడి ఆయనా అరిచాడు. ఇద్దరూ కలిసి అరిచారు. అతిథుల్లో ఒకరు టై వదులు చేసుకున్నారు. మరొకరు వెనక తలుపు గుర్తొచ్చి అటు పరుగెత్తి, పూలకుండీ పట్టుకుని ఆగిపోయారు.

తలుపు కదల్లేదు. కదలదు. అవతల బావమరిదికి ఏమీ వినబడదు.

మేస్త్రి చూస్తూ నిలబడ్డాడు. తొందరపడలేదు. భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆపడానికి కాదు, ఆయన గుండె ఎలా కొట్టుకుంటోందో చూడడానికన్నట్టు. ఆయన జేబులోంచి పానా తీశాడు. నీళ్ళ తొట్టి మీదుగా పోయే పైపు మీద మూడు దెబ్బలు కొట్టాడు.

గట్టిగా కూడా కాదు. అలవాటైన చేత్తో, అలవాటైన ఎడంతో.

మూడో దెబ్బ ఆగేలోపు లీవరు పడింది, తలుపు జరిగింది. హాల్లోని చల్లగాలి మీద పడగానే అతిథులు ఒకర్నొకరు తోసుకుంటూ బయటికి దూకారు. మేస్త్రి రెండు దెబ్బలు కొట్టాడు. హాల్లో స్విచ్చు దగ్గరున్న మనిషి మిషను ఆపేశాడు. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో ఎక్కడో నీటిచుక్క పడటం అందరికీ వినబడింది.

బావమరిది చెయ్యి ఇంకా లీవరు మీదే ఉంది. దానికేసి తనే చూసుకుంటున్నాడు, వేరెవరి చెయ్యో అన్నట్టు.

"అదేమిటి, అంత అరిస్తే తియ్యనివాడు..." యజమాని రొప్పుతూ అన్నాడు. "ఇప్పుడెలా తీశాడు?"

"మూడు కొట్టారు కదండీ" అంది ఐసు దిమ్మలకి గోనెలు కప్పే పెద్దమ్మ. ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు చూసింది. "మూడు కొడితే మనిషి లోపలున్నాడని. రోజూ ఉండేదే."

రిపోర్టరు ఆమె వైపు తిరిగాడు. "ఆ రోజు కొట్టలేదా?"

"ఆ రోజు గందరగోళంలో వినబడి ఉండదు!" అన్నాడు మేనేజరు వెంటనే. "పరుగులు, కేకలు... వాళ్ళ ప్రాణాలు కాపాడుకోవడమే..."

పెద్దమ్మ గోనె దులిపి భుజాన వేసుకుంది. "ఎందుకు వినబడలేదు బాబూ? మేం పెరట్లోకి వచ్చేశాక కూడా వినబడుతూనే ఉంది. ఆ పైపు బయట నీళ్ళ టవరు దాకా వస్తుంది కదా. మేం దాని పక్కనే నిలబడ్డాం. మూడు కొడతాడు, ఆగుతాడు, మళ్ళీ మూడు కొడతాడు. నేను చెవులు మూసుకున్నాను."

"మీరంతా అప్పటికి బయటే ఉన్నారా? ఆరుగురూ?"

"అందరం. చెప్పుల్తో సహా."

"మరి తియ్యలేదేం?"

మేస్త్రి భార్య తన తమ్ముడికేసి చూస్తోంది. ఆ చూపుని అతను చాలారోజులుగా తప్పించుకు తిరిగాడు. ఇవాళ తప్పించుకోలేదు.

"నేను వెనక్కి వెళ్ళబోయాను" అన్నాడు. "తడిగుడ్డ కట్టుకుని లీవరు లాగి వచ్చేద్దామని. మేనేజరుగారు చెయ్యి పట్టుకున్నారు. ఇప్పుడు తీస్తే హాల్లో సరుక్కి వాసన పడుతుంది, రేపటి ఐసంతా పోతుంది, ఫైరువాళ్ళు వస్తున్నారు ఆగమన్నారు." లీవరు వదిలేశాడు. "నేను ఆగాను బావా."

అతిథులు తమ బూట్లకేసి చూసుకున్నారు. ఆ ఐసు మర్నాడే అమ్ముడుపోయింది. ఎవరెవరి గ్లాసుల్లోనో గలగలలాడి, కరిగి, ఈపాటికి ఏ మురిక్కాలవలోనో ఉంటుంది. ఆరుగురి లెక్క వేసిన మేనేజరు వేళ్ళు ఇప్పుడు టై ముడి దగ్గర ఏదో వెతుకుతున్నాయి.

యజమాని అందరికన్నా ముందు తేరుకున్నాడు. యజమానులు అందుకే యజమానులు. "మరి ఆసుపత్రిలో ఇతనే స్వయంగా అన్నాడు కదయ్యా, తలుపు తియ్యొద్దని! అందరూ విన్నారు కదా!"

బావమరిది ఆ మాటలు వినడంలేదు. వాళ్ళందర్నీ దాటుకుని గదిలోకి నడిచాడు. పూలకుండీ ఎత్తి నేలమీద పెట్టాడు. రంగుగుడ్డ లాగేశాడు. పైనున్న ఉప్పు బస్తాని వీపుకెత్తుకున్నాడు. పెద్దమ్మ గోనె పక్కన పడేసి రెండోదాని చెవులు పట్టుకుంది. ఆమె వెనక మిగతావాళ్ళు. బస్తాలు ఈడుస్తుంటే నేలమీద ఉప్పు కరకరమంటోంది.

మేస్త్రి మంచినీళ్ళు అడిగాడు. భార్య గ్లాసందించింది. గుక్క గుక్కగా తాగి, గొంతు సవరించుకుని, రిపోర్టరుని దగ్గరికి రమ్మని పానాతో సైగ చేశాడు.

"పెన్ను మూత తియ్యి నాయనా. ఆసుపత్రిలో నేనన్నది తియ్యొద్దని కాదు. 'తలుపు తియ్యలేదేం' అని అడిగాను. 'తియ్య' దాకా వచ్చేసరికి గొంతు ఆగిపోయింది. మిగతా సగం మేనేజరుగారు తన సొంతది కలిపి పూర్తిచేశారు. ఆయనకి తియ్యగా ఉన్నదే కలుపుకున్నారు." దగ్గొచ్చింది. ఆపుకున్నాడు. "ఆ రోజు సగమే అడిగాను. ఇవాళ మొత్తం అడుగుతున్నాను. అందరూ ఉన్నారుగా. తలుపు తియ్యలేదేం?"

వెనకనుంచి ఆఖరి బస్తా జరిగింది. పెరటి తలుపు సందులోంచి ఎండ గీతలా లోపలికి వచ్చి, మేనేజరు బూట్ల దాకా పాకింది.